ఫోర్డ్ ఆయుధ లిఫ్టులు, క్వీన్ ఎలిజబెత్ పట్టాల బండ్లు: యుద్ధనౌకల్లో సరుకు మోసే రెండు యంత్రాల సమీక్ష

అమెరికా విమాన వాహక నౌక జెరాల్డ్ ఆర్. ఫోర్డ్‌ను నిర్మాణ సంస్థ 2017 మే 31న ఆ దేశ నౌకాదళానికి అప్పగించింది. నౌక ఖరీదు దాదాపు 1,300 కోట్ల డాలర్లు. బాంబులను, క్షిపణులను అడుగు అంతస్తుల్లోని మందుగుండు గదుల నుంచి పైకి చేర్చేందుకు దానిలో 11 అధునాతన ఆయుధ లిఫ్టులు ఉండాలి. అప్పగించిన నాటికి వాటిలో ఒక్కటీ పనిచేసే స్థితిలో లేదు. మొదటి లిఫ్టు 2018 డిసెంబరులో చేతికొచ్చింది, పదకొండోది 2021 డిసెంబరులో. ఈ లిఫ్టులను, ఇదే పనికి బ్రిటిష్ నౌకాదళం క్వీన్ ఎలిజబెత్ తరగతి నౌకల్లో ఎంచుకున్న పూర్తిగా వేరైన పద్ధతిని, ఒక కొనుగోలుదారు దృష్టితో బేరీజు వేయడమే ఈ సమీక్ష ఉద్దేశం.

గోదాముల్లో ప్యాలెట్లను, అంటే సరుకు పేర్చే పలకలను, కదిలించే యంత్రాల కొనుగోళ్లతో వృత్తిరీత్యా సంబంధం ఉన్నవాడిని కావడం వల్ల ఈ విషయంలో నాకు కొంత పక్షపాతం ఉంది. అమ్మేవాళ్ల కరపత్రంలో పెద్ద అక్షరాలతో అచ్చువేసే వేగాన్నీ, మోయగల బరువునూ నేను చివర చదువుతాను. తలుపులు ఎలా మూసుకుంటాయి, పట్టాలు ఎవరు సరిచేస్తారు, చెడిపోతే ఎవరు వచ్చి చూడాలి అన్నవి ముందు అడుగుతాను. నేల మీద కట్టిన గోదాము కదలదు. నౌక ఊగుతుంది, వంగుతుంది, ఎండకు ఒక వైపు సాగుతుంది. అందువల్ల ఈ ప్రశ్నలకు సముద్రం మీద విలువ తగ్గదు సరికదా, రెట్టింపవుతుంది.

యంత్రాల సంగతికి ముందు అవి చేయవలసిన పని ఏమిటో చెప్పుకోవాలి. విమాన వాహక నౌకలో మందుగుండు గదులు శత్రువు దెబ్బకు అందకుండా నౌక లోతుల్లో ఉంటాయి. బాంబు అక్కడ పూర్తి రూపంలో ఉండదు. ఉక్కు శరీరం, దాన్ని పేల్చే ఫ్యూజు, తోక రెక్కలు, దారి చూపే పరికరం వేర్వేరుగా నిల్వ ఉంటాయి. వాటిని బయటికి తీసి, ఒకచోట కూర్చి, విమానం దగ్గరికి చేర్చాలి. పాత నిమిట్జ్ తరగతి నౌకల్లో ఈ కూర్పు పని చాలావరకు నావికులు భోజనం చేసే అంతస్తులోనే జరిగేది. బల్లలు పక్కకు జరిపి, ఎర్ర చొక్కాల ఆయుధ సిబ్బంది బాంబులు బిగిస్తుంటే, మిగతా సిబ్బంది కంచాలు పట్టుకుని మరో వైపు నుంచి తిరిగి వెళ్లేవారు. కూర్చిన బాంబులు అక్కడి నుంచి మరో లిఫ్టెక్కి, విమానాలు తిరిగే దారులు దాటుకుంటూ పైకి చేరేవి.

లిఫ్టులు నెమ్మదిగా ఉంటే సిబ్బంది సహజంగా చేసే పని ఒకటుంది: ముందుగానే బాంబులు పైకి తెచ్చి, ఎగిరే డెక్ మీద, అంటే విమానాలు ఎగిరి దిగే పై అంతస్తు మీద, ఒక పక్కన పేర్చి ఉంచుకోవడం. అది ఎంత ప్రమాదమో 1967 జులై 29న వియత్నాం తీరానికి అవతల అమెరికా విమాన వాహక నౌక ఫారెస్టల్ మీద తెలిసింది. ఒక విమానం నుంచి రాకెట్ పొరపాటున దూసుకెళ్లి, ఇంధనం అంటుకుని, ఆ మంటల్లో విమానాలకు తగిలించిన బాంబులు పేలి 134 మంది చనిపోయారు. కనుక మంచి ఆయుధ లిఫ్టు అంటే యుద్ధంలో వేగం పెంచేది మాత్రమే కాదు. బాంబు బహిరంగంగా ఎదురుచూసే సమయాన్ని తగ్గించేది కూడా. ఈ రెండో ప్రయోజనాన్ని ప్రచార పత్రాలు పెద్దగా పట్టించుకోవు.

ఇక ఫోర్డ్ లిఫ్టుల విషయం. వీటిలో ఇనుప తాళ్లు లేవు. లిఫ్టు పెట్టెను గోడ పొడవునా అమర్చిన విద్యుదయస్కాంత మోటార్లు పైకి నెడతాయి. ఇదే నౌకలో విమానాలను ఎగరేసే ప్రయోగ యంత్రం కూడా ఇదే కోవకు చెందినది. మొత్తం 11 లిఫ్టుల్లో ఏడు మందుగుండు గదుల నుంచి ప్రధాన డెక్ వరకు, మూడు ప్రధాన డెక్ నుంచి ఎగిరే డెక్ వరకు నడుస్తాయి. మిగిలిన ఒకటి ఇతర సరుకులకు, అవసరమైతే గాయపడినవారిని తరలించడానికి పనికొస్తుంది. ఒక్కో లిఫ్టు 24,000 పౌన్లు, అంటే దాదాపు 11 టన్నుల బరువును నిమిషానికి 150 అడుగుల వేగంతో ఎత్తగలదు. నిమిట్జ్ తరగతి లిఫ్టులు 10,500 పౌన్లను నిమిషానికి 100 అడుగుల వేగంతో ఎత్తేవి. బాంబులు కూర్చడానికి విమానాలు నిలిపే హ్యాంగర్‌కు, ఎగిరే డెక్‌కు నడుమ ప్రత్యేక స్థలం కేటాయించారు కనుక భోజనశాల మళ్లీ భోజనశాల అయింది. ఆయుధాల దారి విమానాల దారిని ఎక్కడా అడ్డుకోకుండా లిఫ్టుల చోట్లు మార్చారు. నా దృష్టిలో మొత్తం ఉత్పత్తిలో అత్యంత తెలివైన అంశం ఈ స్థలాల మార్పు. దీనికి అయస్కాంతాలతో పని లేదు, కాగితం మీద గీత మార్చితే చాలు.

అంకెలను కొంచెం పరిశీలించాలి. వంద అడుగుల ఎత్తు అనుకుంటే పాత లిఫ్టుకు ఒక నిమిషం, కొత్త లిఫ్టుకు 40 సెకన్లు పడుతుంది. ఆదా అయింది 20 సెకన్లు. ఫోర్క్‌లిఫ్టుతో బాంబు బండిని లోపలికి నెట్టి, గొలుసులతో బిగించి, తలుపు మూసి, పైన మళ్లీ అదంతా విప్పే తతంగం ముందు ఈ 20 సెకన్లు లెక్కలోకి రావు. అసలు లాభం మోసే బరువులో ఉంది. ఒక్కొక్కటి 2,000 పౌన్లు తూగే బాంబులు 60 పైకి చేర్చాలనుకుందాం. బండ్ల బరువును పక్కన పెడితే పాత లిఫ్టు ఒకసారికి ఐదు తీసుకెళుతుంది, కాబట్టి 12 సార్లు తిరగాలి. కొత్తది ఒకసారికి 12 తీసుకెళుతుంది, ఐదు సార్లు చాలు. తిరుగుళ్లు తగ్గడమంటే తలుపులు, అంతస్తుల మధ్య మూతలు తెరిచి మూసే సందర్భాలు సగానికి పైగా తగ్గడం.

తాళ్లు తీసేయడం వల్ల వచ్చిన ప్రయోజనం కూడా ఈ మూతల్లోనే ఉంది. తాడుతో నడిచే లిఫ్టులో పెట్టె ఎక్కడున్నా పై నుంచి తాడు వేలాడుతుంటుంది, కాబట్టి లిఫ్టు తిరిగే ఆ నిలువు బావికి అడ్డంగా మూత బిగించడం కష్టం. తాడు లేని లిఫ్టులో పెట్టె దాటి వెళ్లగానే బావిని అడ్డంగా మూసేయవచ్చు. పైన పేలుడు జరిగితే మంట, ఒత్తిడి నేరుగా మందుగుండు గదిలోకి దిగకుండా ఆపవచ్చు. భద్రత కోణంలో దీనికి నేను పూర్తి మార్కులు ఇస్తాను.

అయితే కష్టమంతా ఆ తలుపుల దగ్గరే వచ్చింది. మోటార్లు సిద్ధాంతపరంగా సరిగానే ఉన్నాయి. కానీ తలుపులు, మూతలు అమర్చవలసిన ఉక్కు బావులు కావలసినంత కచ్చితంగా కుదరలేదు. మన ఇళ్లలో వడ్రంగి గుమ్మం నిలబెట్టాక కొలత తీసుకుని తలుపు చేస్తాడు. ఇక్కడ తలుపు కొలత ముందే ఖాయమై, గుమ్మం తర్వాత వచ్చింది. ఒక్కో బావిలో ఒక్కో తేడా కనబడటంతో, కట్టిన నౌకలో మళ్లీ కోసి, అతికి, రుద్ది సరిచేయవలసి వచ్చింది. దీనికి తోడు పరీక్షల సమయంలో కొన్నిసార్లు లిఫ్టు ఎవరూ ఆదేశించకుండానే కదిలిన ఘటనలు 2018లో వెలుగులోకి వచ్చాయి. టన్నుల కొద్దీ మందుగుండు మోసే పెట్టె తనంతట తాను కదలడం ఎంత తీవ్రమైన లోపమో చెప్పనవసరం లేదు.

కొనుగోలుదారుగా అమెరికా నౌకాదళం చేసిన పెద్ద పొరపాటు మరొకటి. ఇంత కొత్త యంత్రాన్ని ముందుగా తీరం మీద పూర్తి పరిమాణంలో కట్టి, ఊపి, విరిచి చూడలేదు. మొదటి నమూనా, మొదటి ఉత్పత్తి, మొదటి వాడకం అన్నీ ఒకే నౌకలో జరిగాయి. నౌక మీద ఇబ్బందులు బయటపడ్డాక గానీ ఫిలడెల్ఫియాలో పరీక్షా కేంద్రం కట్టాలన్న నిర్ణయం రాలేదు. 2019 జనవరిలో నాటి నౌకాదళ కార్యదర్శి రిచర్డ్ స్పెన్సర్, ఆ వేసవికల్లా లిఫ్టులు బాగుపడకపోతే తనను ఉద్యోగం నుంచి తీసేయవచ్చని అధ్యక్షుడితో చెప్పినట్టు బహిరంగంగానే ప్రకటించారు. వేసవి దాటి అక్టోబరులో నౌక యార్డు విడిచేనాటికి నాలుగు లిఫ్టులే సిద్ధమయ్యాయి. ఆ తర్వాతి నెలలోనే ఆయన పదవి పోయింది కానీ, దానికి కారణం లిఫ్టులు కావు, పూర్తిగా వేరే వివాదం.

2021 వేసవిలో ఫ్లోరిడా తీరానికి అవతల నౌక పక్కన మూడు విడతల్లో, ఒక్కో విడతకు 40,000 పౌన్ల చొప్పున పేలుడు పదార్థాన్ని పేల్చి దెబ్బ తట్టుకునే పరీక్ష చేశారు. అప్పటికి 11 లిఫ్టులూ పూర్తి కాలేదన్నది గమనించాలి. 2023 మే నుంచి 2024 జనవరి వరకు సాగిన మొదటి పూర్తిస్థాయి యాత్రలో నౌక మధ్యధరా సముద్రంలో నెలల తరబడి ఉంది, లిఫ్టులు పనిచేశాయి. కానీ రక్షణ శాఖలోని స్వతంత్ర పరీక్షా విభాగం తన నివేదికల్లో, లోపాలు సరిదిద్దడానికి నౌకా సిబ్బంది బయటి సాంకేతిక నిపుణుల మీద ఆధారపడుతున్నారని పేర్కొంది. నేల మీది గోదాములో నిపుణుడు మర్నాడు ఉదయానికి వస్తాడు. సముద్రం నడిమధ్యలో, అదీ యుద్ధంలో, ఈ ఆధారపడటం యంత్రం విలువను సగం చేస్తుంది.

రెండో నౌక నాటికి పాఠం నేర్చుకుని ఉంటారని ఎవరైనా ఆశిస్తారు. జాన్ ఎఫ్. కెనెడీ నౌకను 2025 జులైలో అప్పగించవలసి ఉండగా, 2026 ఆర్థిక సంవత్సరపు బడ్జెట్ పత్రాల్లో ఆ గడువును 2027 మార్చికి జరిపారు. పేర్కొన్న కారణాలు రెండు: దిగే విమానాలను పట్టి ఆపే యంత్రానికి అనుమతి రావలసి ఉండటం, ఆయుధ లిఫ్టుల పని మిగిలి ఉండటం. ఉత్పత్తి మొదటి వాడకం తర్వాత కూడా అదే భాగం దగ్గర జాప్యం కొనసాగితే, లోపం ఆ ఒక్క నౌకది కాదు, పద్ధతిది.

బ్రిటన్ దారి దీనికి భిన్నం. 65,000 టన్నుల క్వీన్ ఎలిజబెత్, ప్రిన్స్ ఆఫ్ వేల్స్ నౌకల్లో బ్యాబ్‌కాక్ సంస్థ అమర్చిన యాంత్రిక ఆయుధ వ్యవస్థలో కొత్తగా కనిపెట్టింది తక్కువ. నేల మీది పెద్ద గోదాముల్లో ఏళ్ల తరబడి నడుస్తున్న ప్యాలెట్ పద్ధతిని తెచ్చి, నౌక ఊపుకు తట్టుకునేలా మలిచారు. ఆయుధాలు ప్యాలెట్ల మీద బిగించి ఉంటాయి. సిబ్బంది మోల్ అని పిలిచే చిన్న మోటారు బండ్లు పట్టాల మీద ఆ ప్యాలెట్లను నౌక ముందుకూ వెనకకూ, ఎడమకూ కుడికీ తీసుకెళతాయి. అంతస్తుల మధ్య లిఫ్టులు వాటిని అందుకుంటాయి. మందుగుండు గదుల నుంచి కూర్పు గదికి, హ్యాంగర్‌కు, ఎగిరే డెక్‌కు ఒకే పట్టాల వల. కదలికలన్నీ ఒకే నియంత్రణ గది నుంచి నడుస్తాయి.

దీనిలో గొప్ప సంగతి మందుగుండు గదుల్లో మనిషి లేకపోవడం. సరుకు మొదట నింపేటప్పుడు, బాంబు కూర్చేటప్పుడు తప్ప అక్కడ ఎవరూ ఉండనవసరం లేదు. పాత నౌకల్లో ఊగే డెక్ మీద, బరువైన బాంబుల మధ్య, గొలుసులు విప్పుతూ కట్టుతూ గంటల తరబడి పనిచేసినవారి వేళ్లు, కాళ్లు నలిగిన ప్రమాదాలు కొత్తవేమీ కావు. నౌకకు దెబ్బ తగిలితే తప్పించుకోవడం అన్నింటికన్నా కష్టమైన చోటు కూడా అదే. ఆ గది నుంచి మనిషిని బయటికి తేవడం అనేది, నిమిషానికి ఎన్ని అడుగులన్న లెక్క కంటే నా దృష్టిలో పెద్ద విజయం. విమాన సిబ్బందిని మినహాయిస్తే అంత పెద్ద నౌక దాదాపు 700 మందితో నడుస్తోందంటే ఈ వ్యవస్థ వాటా దానిలో కొంత ఉంది.

అయితే రెండు నౌకలనూ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. ఫోర్డ్ లక్ష్యం రోజుకు 160 సార్లు విమానాలను దాడులకు ఎగరేయడం, అత్యవసరంలో 270 సార్లు. బ్రిటిష్ నౌక సాధారణంగా మోయడానికి ఉద్దేశించినవి 36 ఎఫ్-35బి విమానాలు, 2021 యాత్రలో ఉన్నవి 18, అందులోనూ పది అమెరికా మెరైన్లవి. అంత ఒత్తిడి బ్రిటిష్ పట్టాల మీద పడలేదు. పైగా పట్టాల పద్ధతికి తనవైన బలహీనతలున్నాయి. ప్యాలెట్ కొలతకు లొంగని కొత్త ఆయుధం వస్తే ముందు దానికి ప్యాలెట్ తయారుచేయాలి, తర్వాతే నౌకలో చోటు. పట్టాల కూడలిలో ఒక బండి ఆగిపోతే వెనకున్నవన్నీ ఆగుతాయి. గోదాముల్లో పనిచేసిన ప్రతివారికీ ఈ దృశ్యం పరిచయమే. విద్యుత్తు పోయినప్పుడు చేత్తో నడిపే ఏర్పాటు ఎంత సులువుగా ఉందన్నదే అప్పుడు అసలు ప్రశ్న అవుతుంది.

నౌక లోపల యంత్రం ఎంత వేగంగా పనిచేసినా, లోపలికి సరుకు వచ్చే ద్వారం ఇరుకైతే లాభం లేదు. 2021 మార్చిలో క్వీన్ ఎలిజబెత్ స్కాట్లాండ్‌లోని గ్లెన్ మాలన్ రేవులో మందుగుండు నింపుకుంది; ఆ రేవును ఈ నౌకల కోసమే బాగుచేశారు. సముద్రంలో మరో నౌక నుంచి తాళ్ల మీదుగా సరుకు అందుకునే పద్ధతిలో ఒకసారికి రెండు టన్నులు మాత్రమే దాటేవి. దాన్ని ఐదు టన్నులకు పెంచే కొత్త యంత్రాల మీద శిక్షణ ఇచ్చేందుకు కార్న్‌వాల్‌లోని రాలీ నౌకాదళ శిక్షణ స్థావరంలో ప్రత్యేక కేంద్రం కట్టారు. ఇదంతా బాగుంది. కానీ 2021 యాత్రలో ఘన సరుకులు, మందుగుండు అందించగల బ్రిటిష్ సహాయక నౌక ఫోర్ట్ విక్టోరియా ఒక్కటే. అద్భుతమైన గోదామును కట్టి, దానికి సరుకు తెచ్చే లారీ ఒక్కటే ఉంచుకున్న కొనుగోలు ఇది.

ఈ చర్చ విశాఖపట్నానికి దూరమైనది కాదు. హిందుస్థాన్ షిప్‌యార్డ్ భారత నౌకాదళం కోసం ఒక్కొక్కటి 44,000 టన్నుల ఐదు సహాయక నౌకలను కడుతోంది. దాదాపు 19,000 కోట్ల రూపాయల ఒప్పందం 2023 ఆగస్టులో కుదిరింది, మొదటి నౌకకు ఉక్కు కోత 2024 ఏప్రిల్‌లో మొదలైంది. ఇంధనం, నీరు, మందుగుండు, ఇతర సరుకులను నడిసముద్రంలో యుద్ధనౌకలకు అందించడమే వీటి పని. అంటే ఇవి తేలే గోదాములు. గోదాము యంత్రం ఎలా కొనాలన్న ప్రశ్న వీటికి విమాన వాహక నౌకకంటే నేరుగా వర్తిస్తుంది.

ఆ నౌకల్లోకి యంత్రాలు ఎంచుకునేవారికి నా సిఫార్సు స్పష్టం. లిఫ్టు పెట్టెలు, ప్యాలెట్ బండ్లు నేల మీద కనీసం కొన్నేళ్లు నడిచిన రకాలై ఉండాలి. అయస్కాంత మోటార్ల ఆకర్షణలో పడనవసరం లేదు. బావి ఉక్కు నిలబెట్టాక కొలిచి, ఆ కొలతకే తలుపు తయారయ్యేలా ఒప్పందంలో రాసుకోవాలి. ఒక పూర్తి పరిమాణపు లిఫ్టును తీరం మీద కట్టి, నౌక ఒరిగే కోణాల్లో ఊపి, సరుకుతో నడిపి చూసిన తర్వాతే మిగతావాటికి డబ్బు విడుదల చేయాలి. మరమ్మతు శిక్షణ నౌకా సిబ్బందికే ఇవ్వాలి, సాఫ్ట్‌వేర్ లోపాన్ని సరిచేసే అధికారంతో సహా. ఈ చివరి షరతుకు సరఫరాదారు ఒప్పుకోకపోతే, మిగతా మూడింటికి ఎంత తలూపినా సంతకం పెట్టకూడదు.